కన్నబిడ్డలకే జీతానికి కుదిరిన తల్లి: ‘ఈస్ట్ లిన్’ వెనక కథ

డ్యూటీలో పడి ఎపిసోడ్ వినే తీరిక లేనోళ్ళ కోసం ఇది రాసి పెడుతున్నా.

పాత హాలీవుడ్ అమ్మ సినిమాల్లో 1931లో ఫాక్స్ కంపెనీ తీసిన ‘ఈస్ట్ లిన్’ ఒకటి. హీరోయిన్ ఆన్ హార్డింగ్. ఆస్కార్ ఉత్తమ చిత్రం పోటీ దాకా పోయింది, గెలిచింది మాత్రం ‘సిమరాన్’. డైరెక్టర్ ఫ్రాంక్ లాయిడ్ మన గ్లాస్గోలో పుట్టినోడే. 1920లో ‘మేడం ఎక్స్’ అనే ఇంకో తల్లి కథ తీసింది కూడా ఆయనే.

కథ కూడా ఈ దేశానిదే. రాసింది ఎలెన్ వుడ్, ఊస్టర్‌లో గ్లౌజుల వ్యాపారి కూతురు. వెన్నెముక వంకరపోయి, ఒరిగి కూర్చునే రాసేది. మొదట ఒక పబ్లిషర్ వద్దని తిప్పి పంపాడు. 1861లో పుస్తకం వచ్చాక ఇల్లిల్లూ చదివింది.

ఇసబెల్ అనే పెద్దింటి అమ్మాయి లాయర్‌ని పెళ్ళి చేసుకుంటుంది. భర్త మీద అనుమానంతో, ఒక మోసగాడి మాట నమ్మి, పిల్లల్ని వదిలి వెళ్ళిపోతుంది. ఫ్రాన్స్‌లో రైలు ప్రమాదం. ముఖం గుర్తుపట్టలేనట్టు మారుతుంది, చనిపోయిందని ఇంటికి కబురు పోతుంది. భర్త ఇంకో పెళ్ళి చేసుకుంటాడు. పిల్లల మీద బెంగతో ఆమె నీలి కళ్ళద్దాలు పెట్టుకుని, మారు పేరుతో, అదే ఇంట్లో సొంత పిల్లలకు చదువు చెప్పే పంతులమ్మగా జీతానికి చేరుతుంది. కొడుకు విలియం క్షయతో కళ్ళ ముందే పోతుంటే ‘నేనే మీ అమ్మని’ అని చెప్పలేకపోతుంది.

ఇంత ఏడుపు కావాలని పెట్టారు అనుకుంటాం. నాకైతే ఆ కాలం చట్టాలు చూశాకే కథ అర్థమైంది. అప్పట్లో పిల్లలు చట్టప్రకారం తండ్రి సొత్తు. కరోలిన్ నార్టన్ అనే రచయిత్రి 1836లో భర్తతో విడిపోతే, ఆయన ముగ్గురు కొడుకుల్ని లాగేసుకున్నాడు. ప్రధానమంత్రి మెల్‌బోర్న్‌తో సంబంధం అంటగట్టి కేసేశాడు. కేసు ఓడిపోయాడు, పిల్లల్ని మాత్రం ఇవ్వలేదు. ఆమె కరపత్రాలు రాసి పోరాడితే 1839లో చట్టం వచ్చింది: ఏడేళ్ళలోపు పిల్లల కోసం తల్లి కోర్టుకు పోవచ్చు. కానీ తప్పు చేసిందని రుజువైతే ఆ హక్కు కూడా లేదు. పిల్లలేమో స్కాట్లాండ్‌లో, ఆ చట్టం అక్కడ పనిచేయదు. 1842లో చిన్న కొడుకు గుర్రం మీద నుంచి పడి చనిపోయాడు, తల్లి చేరేసరికి ఆలస్యమైంది. ఆ పిల్లాడి పేరు కూడా విలియమే.

అంటే ఇసబెల్‌కు ఆ ఇంట్లో అడుగు పెట్టడానికి మారువేషం తప్ప దారి లేదు. తప్పు చేసిన తల్లి కూడా పిల్లల కోసం అడగొచ్చు అని చట్టం మారింది 1873లో, పుస్తకం వచ్చిన పన్నెండేళ్ళకు.

మన కడప, గోదావరి జిల్లాల అక్కలు కువైట్‌లో పరాయి పిల్లల్ని సాకుతూ సొంత పిల్లల్ని ఫోన్‌లో చూసుకుంటారు. ఇక్కడ 2024 మార్చి తర్వాత కేర్ వర్కర్ వీసా మీద వచ్చినవాళ్ళకు పిల్లల్ని తెచ్చుకునే వీలే లేదు. వాళ్ళకు ఈ కథ ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

నాటకం సంగతి చెప్పాలంటే, అప్పట్లో నవల రాసినవాళ్ళకు నాటకం మీద హక్కు లేదు. ఊరూరా ఆడారు, ఆమెకు పైసా రాలేదు. కలెక్షన్లు తగ్గితే ‘వచ్చే వారం ఈస్ట్ లిన్’ అని బోర్డు పెట్టేవాళ్ళు, మన దగ్గర సురభి వాళ్ళకు మాయాబజార్ లాగ.

మన వైపు కూడా వచ్చింది. 1952లో రామ్‌నాథ్ తమిళంలో ‘తాయి ఉళ్ళం’ తీశాడు, ఈ కథే. అందులో మన చిత్తూరు నాగయ్య ఉన్నాడు.

హాలీవుడ్ కంటే ముందే, 1913లో, లండన్ ఈలింగ్‌లో విల్ బార్కర్ కంపెనీ దీన్ని ఆరు రీళ్ళ మూగ సినిమాగా తీసింది. సౌతాల్‌కు సరుకుల కోసం పోయేవాళ్ళు పక్కనే ఈలింగ్ గ్రీన్ దగ్గర దిగితే స్టూడియో గేటు కనిపిస్తుంది, అక్కడ ఇప్పటికీ షూటింగులు జరుగుతున్నాయి.