వీణ మేరువు, మెట్లు: శ్రుతిశుద్ధి చరిత్ర

తేని, కంబము, బోడినాయకనూరు ప్రాంతములందును, మధుర, కోయంబత్తూరు సీమలయందును స్థిరపడిన తెలుగు కుటుంబములవారమగు మనము, నాయకరాజుల పేరు వినినంతనే కోటలను, దేవాలయములను, మండపములను తలంతుము. ఆ యుగము మనకు విడిచిన మరియొక సంపద కలదు. అది నేటి వీణ. అందును ముఖ్యమైనది దాని మెట్ల కూర్పు.

విజయనగరమున అళియ రామరాయల ప్రోత్సాహమున రామామాత్యుడు 1550లో 'స్వరమేళకళానిధి'ని రచించెను. అందాతడు వీణలను రెండు తెరగులుగా చెప్పెను. రాగము మారినపుడెల్ల మెట్లను జరుపుకొనవలసినది ఏకరాగమేళ వీణ. అన్ని రాగములకును చాలునట్లు మెట్లు నిలిపినది సర్వరాగమేళ వీణ. తరువాత తంజావూరును రఘునాథ నాయకుడు ఏలెను. ఆయన మంత్రి గోవింద దీక్షితుడు. దీక్షితుని కుమారుడగు వేంకటమఖి తన 'చతుర్దండిప్రకాశిక'లో రఘునాథుని పేరిట రఘునాథేంద్రమేళ వీణను పేర్కొనెను. స్థాయికి 12 చొప్పున 24 మెట్లు గల తంజావూరు వీణను సంప్రదాయము ఆ రాజునకే ఆపాదించుచున్నది.

మెట్లు నిలిచినంతనే శ్రుతి నిలుచునా? నిలువదు. తంత్రి ఒక కొనను గుర్రముపైనను, రెండవ కొనను మేరువుపైనను ఆనియుండును. వ్రేలితో మెట్టుపై నొక్కినపుడు తంత్రి కొంచెము సాగి బిగియును. స్వరము ఉండవలసినదానికంటె హెచ్చగును. మేరువు మిక్కిలి ఎత్తైనచో దానికి చేరువనున్న మొదటి మెట్లయందే ఈ దోషము అధికముగా వినబడును. కావుననే తారషడ్జపు మెట్టు సరిగా తంత్రి నడుమ గాక, మేరువు వైపునకు రవంత జరిగి కుదురవలెను. కొలబద్ద దారి చూపును. తీర్పు చెప్పవలసినది చెవియే.

పాశ్చాత్యుల గిటారునకును ఇదే చిక్కు కలదు. దాని మెట్లు కఱ్ఱలో దిగగొట్టబడియుండుటచే వానిని జరుప వీలులేదు. కావున వారు ఎముకతోనో, మరియొక వస్తువుతోనో చేసిన మేరువును మార్చి, తంత్రులు కూర్చుండు గాడులను తగినంత లోతుగా ఆకురాయితో దిద్ది, ఒక్కొక్కపుడు మేరువునే మెట్లవైపునకు కొంచెము జరిపి, దోషమును తగ్గింతురు. అయినను సమభాగములుగా పంచిన ఆ మెట్లపై అంతరగాంధారము శుద్ధస్థానముకంటె హెచ్చుగానే పలుకును. ఒక అర్ధస్వరమును 100 పాళ్లు చేసినచో ఆ హెచ్చు సుమారు 14 పాళ్లు.

వీణ నిర్మాతలు పట్టిన దారి వేరు. బొగ్గుపొడి కలిపిన మైనపు కట్టపై లోహపు మెట్లను నిలిపి, ఒక్కొక్క స్వరమును వినుచు జరుపుదురు. దీనినే మేళము కట్టుట యందురు. మైనము మెత్తనిది గనుక దిద్దుబాటునకు ఎప్పుడును అవకాశము కలదు; ఎండకు, కాలమునకు అది లొంగును గనుక దిద్దుబాటు మరల మరల అవసరమగును. గుణమును దోషమును ఒకచోటనే యున్నవి.

వాదకుని చేతి నేర్పు ఈ లోపమును కప్పలేదా యని కొందరడుగుదురు. తక్కువైన స్వరమును తంత్రిని ప్రక్కకు లాగి హెచ్చింపవచ్చును. హెచ్చైన స్వరమును ఏ వ్రేలును తగ్గింపలేదు. కావున మెట్టు చెడిన వీణపై సాధన చేయు బాలిక చెవి ఆ తప్పుస్వరమునకే అలవాటు పడును. అది పెద్ద నష్టము.

తమిళదేశమున మన పిల్లలు తెలుగు బడిలో కంటె త్యాగరాజస్వామి కృతులలోనే మాతృభాషను ఎక్కువగా వినుచున్నారు. ఆ కృతులు తిరువయ్యారున, కావేరీతీరమున, తెలుగున పుట్టినవి. వానిని పలికించు వీణ పూజగదిలో పసుపు కుంకుమలతో మాత్రమే యుండుట చాలదు. తంజావూరు పనివారు నేటికిని ఉన్నారు. గోడనున్న వీణను దింపి, వారిచే మేరువును దిద్దించి మేళము కట్టింతము. పెద్దలు నిలిపిన మెట్లను సరిచూచుకొనుటయే వారి సొత్తును నిలుపుకొనుట.