పరదేశపు జీతంలో రెండు కోతలు

అమెరికాలో కొత్తగా కొలువులో చేరిన మన పిల్లలు మొదటి జీతపు చీటీ చూసి "ఇంత పన్నా!" అని నిట్టూర్చడం కద్దు. నిజానికి ఆ చీటీలోని కోతలన్నీ ఒక జాతివి కావు. ఆదాయపు పన్ను ఒకటి, సామాజిక బీమా మరొకటి. రెండవదానిని కూడా అక్కడి చట్టం పన్ను అనే పిలుస్తుంది గాని, దాని స్వభావం చందాది. ఈ రెండింటి పుట్టుపూర్వోత్తరాలు వేరు.

ఆదాయపు పన్ను యుద్ధకాలంలో పుట్టింది. ఫ్రాన్సుతో పోరుకు ధనం చాలక 1799లో బ్రిటిష్ ప్రధాని విలియం పిట్ దానిని విధించాడు. నెపోలియన్ ఓడిన మరుసటి ఏడు, 1816లో, అది రద్దయింది. 1842లో పీల్ మళ్ళీ తెచ్చాడు. మన దేశానికి 1857 తిరుగుబాటు ఖర్చులు పూడ్చుకొనేందుకు 1860లో వచ్చింది. తెచ్చిన జేమ్స్ విల్సన్ అదే సంవత్సరం కలకత్తాలో కన్నుమూశాడు. సంస్కృతంలో కరమంటే చేయి, కిరణం, పన్ను కూడా. రాజు కరం చాచి పుచ్చుకొంటాడు. ఇచ్చినవాడికి ఇంత తిరిగి ఇస్తానని మాత్రం పత్రం వ్రాసి ఇవ్వడు.

బీమా అలా కాదు. జర్మనీలో బిస్మార్క్ హయాంలో 1883లో అనారోగ్యానికి, 1884లో ప్రమాదాలకు, 1889లో వార్ధక్యానికి చట్టాలు వచ్చాయి. వృద్ధాప్యపు పింఛనుకు పనివాడు సగం, యజమాని సగం చందా కట్టేవారు. ప్రభుత్వం పైన కొంత చేర్చేది. కట్టిన చందాకు గుర్తుగా ఒక కార్డుమీద బిళ్ళలు అంటించేవారు. ఆ బిళ్ళలే పనివాడి హక్కుకు సాక్ష్యం. పింఛను వయస్సు డెబ్బై అనుకోండి, అంతవరకు బ్రతికినవారెందరన్నది వేరే మాట!

చిక్కల్లా ఊరు మారినవాడికే. పన్ను లెక్క ఏ యేటికాయేడు తీరిపోతుంది. పింఛను హక్కు మాత్రం ఏళ్ళ తరబడి పోగుపడాలి. కొన్నేళ్ళు ఇక్కడ, కొన్నేళ్ళు అక్కడ పనిచేసినవాడు రెండు చోట్లా చందా కట్టి, రెండు చోట్లా హక్కు దక్కక మిగలవచ్చు.

ఈ అన్యాయాన్ని మొదట గట్టిగా ఎదుర్కొన్నవారు ఇటలీ కూలీలు. దక్షిణ ఫ్రాన్సులోని ఎగ్ మోర్త్ ఉప్పుమడులలో 1893 ఆగస్టులో స్థానికులు వారిపై విరుచుకుపడి పలువురిని చంపారు. 1898లో ఫ్రాన్సు పని ప్రమాదాలకు పరిహారపు చట్టం చేసింది. అందులో ఒక మెలిక ఉన్నది: విదేశీ కూలీ చనిపోతే, ప్రమాదం జరిగిననాటికి అతని కుటుంబం ఫ్రాన్సులో నివసిస్తూ ఉండకపోతే వారికి ఏమీ దక్కదు. సంపాదనకని ఒంటరిగా వెళ్ళినవాడి భార్యాబిడ్డలు ఎక్కడుంటారు? ఇటలీ పట్టు విడువలేదు. 1904 ఏప్రిల్‌లో ఆ రెండు దేశాలు కార్మికుల విషయమై సంధి చేసుకొన్నాయి. ఈ తరహా ఒప్పందాలకు అదే ఆద్యం.

అమెరికాలో సోషల్ సెక్యూరిటీ చట్టం 1935లో వచ్చింది. 1937 నుండి చందా వసూలు మొదలయింది. మొదటి నెలసరి పింఛను 1940 జనవరిలో ఐడా మే ఫుల్లర్ అనే మహిళకు అందింది. ఆమె కట్టిన మొత్తం 24.75 డాలర్లు, మొదటి నెల అందుకొన్నది 22.54 డాలర్లు. నూరేళ్ళు జీవించిన ఆ తల్లి మొత్తంమీద ఇరవైరెండు వేల డాలర్లకు పైగా పుచ్చుకొన్నది.

ఇప్పుడు మన పిల్లల లెక్క చూడండి. సోషల్ సెక్యూరిటీకి జీతంలో 6.2 శాతం ఉద్యోగి, అంతే మొత్తం యజమాని కడతారు. పింఛను హక్కుకు నలభై 'క్రెడిట్లు' కావాలి. ఏడాదికి నాలుగుకు మించి రావు. అంటే పదేళ్ళు. హెచ్-1బి వీసా గడువేమో మామూలుగా ఆరేళ్ళు. ఆరేళ్ళకు ఇరవైనాలుగే! అక్కడితో తిరిగి వచ్చినవానికి పింఛనూ లేదు, కట్టినది వాపసూ లేదు. గ్రీన్ కార్డు వరుసలో నిలబడి గడువు పొడిగించుకొన్నవారు పదేళ్ళు దాటవచ్చు. ఆ నిరీక్షణ వలన కలిగిన లాభం ఇదొక్కటే కాబోలు.

ఒకే ఆదాయంపై రెండు దేశాలు పన్ను పిండకుండా భారత అమెరికాలు 1989లోనే ఒప్పందం చేసుకొన్నాయి. బీమా విషయంలో అటువంటిది నేటికీ లేదు. అమెరికా ఇటలీతో చేసుకొన్న మొదటి ఒప్పందం 1978లో అమలయింది. మళ్ళీ ఆ ఇటలీయే! అటువంటి ఒప్పందం ఉన్న దేశాలనుండి సంస్థ పంపగా వచ్చినవారు అయిదేళ్ళవరకు స్వదేశంలోనే చందా కడితే చాలు. హక్కు లెక్కకు రెండు దేశాల ఏళ్ళూ కలుపుతారు. అవతలి దేశంలో సర్వసాధారణంగా వర్తించే పింఛను వ్యవస్థ ఉండాలన్నది అమెరికా చట్టపు నియమం. మన భవిష్యనిధి సంఘటిత రంగానికే గదా అన్నది వారి అభ్యంతరం. మాటలో నిజం లేకపోలేదు. కాని వసూలు చేసేటప్పుడు అడ్డురాని ఈ తేడా, ఏళ్ళు కలిపేటప్పుడే అడ్డురావడం ఎక్కడి న్యాయం? మన ప్రభుత్వమూ ఊరుకోలేదు: 2008లో ఇక్కడ పనిచేసే విదేశీయులను భవిష్యనిధిలో చేర్చింది. బెల్జియంతో కుదిరిన ఒప్పందం 2009లో అమలయింది. జర్మనీ, ఫ్రాన్సు, జపాను వంటివి తరువాత చేరాయి.

తిరిగి వచ్చేసినవారు ఒకటి గుర్తుంచుకోవాలి. ఆ ఇరవైనాలుగు క్రెడిట్లు చెరిగిపోవు. పదిహేనేళ్ళ తరువాత మళ్ళీ అక్కడ కొలువు దొరికినా, లెక్క ఇరవైఅయిదు నుండే సాగుతుంది. సోషల్ సెక్యూరిటీ నంబరున్న కార్డును, ఏటేటి ఆర్జన వివరాలను పారవేయకుండా దాచుకోండి.