క్వేకర్ల సామూహిక శిబిరాలు

క్వేకర్లు, అంటే రెలిజియస్ సొసైటీ ఆఫ్ ఫ్రెండ్స్ సభ్యులు, చంటిపిల్లల నుంచి ముసలివాళ్ల దాకా కలిసి సెలవులు గడిపే గుడారాల విడిదులు ఇవి. ఆరుబయట కూడడం ఈ సమాజానికి పుట్టుకతో వచ్చింది: 1652లో జార్జ్ ఫాక్స్ వాయవ్య ఇంగ్లండ్‌లోని ఫర్‌బ్యాంక్ ఫెల్ కొండమీద పెద్ద జనసమూహానికి బోధించాడు. 1916లో, మొదటి ప్రపంచ యుద్ధం నడుమ, క్వేకర్ కుటుంబంలో పుట్టిన ఎర్నెస్ట్ వెస్ట్‌లేక్ తన కొడుకు ఆబ్రీతో కలిసి ఆర్డర్ ఆఫ్ వుడ్‌క్రాఫ్ట్ షివల్రీ అనే సంస్థను స్థాపించాడు. స్కౌటు ఉద్యమంలోని సైనిక పోకడలు నచ్చనివారికి అది మరో దారి చూపింది. దాని శిబిరాలు హాంప్‌షైర్‌లోని న్యూ ఫారెస్ట్ అంచున సాండీ బాల్స్ అడవిలో జరిగేవి.

క్వేకర్ శిబిరం నడకలో ఆ మత స్వభావమే కనిపిస్తుంది. వంట, గిన్నెలు తోమడం, నీళ్లు మోయడం వంతులవారీగా అందరివీ. ఆరాధనకు గుండ్రంగా కూర్చుని మౌనంగా ఉంటారు. పురోహితుడు ఉండడు, లోపల ప్రేరణ కలిగినవారు లేచి నాలుగు మాటలు చెబుతారు. నిర్ణయాలకు ఓటింగు లేదు, ఏకాభిప్రాయం కుదిరేదాకా ఓపిక పడతారు. పదేళ్ల పిల్లవాడి మాటకూ పెద్దల మాటకున్న విలువే ఇవ్వడం ఈ శిబిరాల్లోని అసలైన గొప్పదనం. ప్రతి మనిషిలోనూ దైవాంశ ఉందన్న క్వేకర్ విశ్వాసమే దానికి ఆధారం.