ముట్టడి నుండి మనోవ్యాధి వరకు: ‘అబ్సెషన్’ అను పదము – సంఘ చరిత్రలో దాని స్థానము

ప్రస్తావన

‘ఆమెకు శుభ్రత ఒక అబ్సెషన్’, ‘వాడికి క్రికెట్ అంటే అబ్సెషన్’ అని చదువుకున్న తెలుగువారు నేడు తేలికగా అంటుంటారు. మనస్సును వదలక పట్టియుండే తలంపు అని ఈ ఆంగ్ల పదానికి వాడుక అర్థము. అయితే ఈ మాట వైద్యశాలలో పుట్టినది కాదు. యుద్ధరంగములో పుట్టి, సంఘములో పెరిగి, ఆ తరువాతనే వైద్యుల చేతికి చేరింది. ఈ చరిత్ర ఎరుగుట కాపరికి అవసరము. ఎందుకనగా, ఇష్టము లేకుండానే దేవదూషణ తలంపులు వచ్చి కుమిలిపోయే విశ్వాసికి మనమిచ్చే సలహా, ఆ బాధను మనము ఏ పేరుతో పిలుస్తామో దానినిబట్టియే ఉంటుంది.

పద మూలము

లాటిన్ భాషలో ‘ఆబ్సిడేరే’ అనగా ఎదుట కూర్చుండుట. సైన్యము పట్టణము ఎదుట తిష్ఠ వేసి దానిని ముట్టడించుట. 16వ శతాబ్దపు ఆంగ్లములో కూడా ‘అబ్సెషన్’ అంటే ముట్టడియే. వేదాంత పండితులు ఈ సైనిక పదమును ఆత్మీయ విషయాలకు అన్వయించారు. దురాత్మ లోపల నివసిస్తే ‘పొసెషన్’, వెలుపల నుండి వేధిస్తే ‘అబ్సెషన్’ అని రెండుగా విభజించారు. మన తెలుగు బైబిలులోని ‘దయ్యము పట్టిన’ అను మాటలో ఈ భేదము లేదు. సువార్తల గ్రీకు మూలములోని ‘డైమోనిజోమై’ అను క్రియలోను లేదు. కాబట్టి ఇది సంఘ సంప్రదాయము చేసిన విభజన అని గ్రహించాలి.

ఈ విభజనలో ఒక మేలు ఉంది. ముట్టడింపబడిన పట్టణము ఇంకా శత్రువు వశము కాలేదు. బాధపడేవాడు వేరు, బాధించే తలంపు వేరు. అయితే ఒక ప్రమాదము కూడా ఉంది. శత్రువు వెలుపల ఉన్నాడనగానే, వానిని వెళ్లగొట్టుటే ఏకైక మార్గమని తోస్తుంది.

రెండు సాక్ష్యములు

ఫ్రాన్సులోని లూడన్ పట్టణములో 1632లో ఉర్సులిన్ సన్యాసినులకు దయ్యములు పట్టాయన్న ఆరోపణ లేచింది. దాని ఫలితముగా ఉర్బెయిన్ గ్రాండియే అను యాజకుని 1634 ఆగస్టులో సజీవముగా కాల్చివేశారు. అదే సంవత్సరము డిసెంబరులో అక్కడికి దయ్యములను వెళ్లగొట్టుటకు వచ్చిన జెస్యూట్ గురువు జాన్ జోసెఫ్ సురిన్ (1600–1665) తానే బాధితుడయ్యాడు. తాను నిత్యనాశనమునకు గురియయ్యానన్న తలంపు ఆయనను ఏళ్ల తరబడి వదలలేదు. 1645లో కిటికీ నుండి దూకి గాయపడ్డాడు. చాలాకాలము తరువాత కోలుకొని తిరిగి గ్రంథములు వ్రాశాడు.

ఇంగ్లండులో జాన్ బన్యన్ (1628–1688) అనుభవము మనకు మరింత దగ్గరిది. బెడ్‌ఫర్డ్ చెరసాలలో ఉండగా 1666లో ప్రకటించిన ఆత్మకథలో, క్రీస్తును అమ్మివేయుమను తలంపు రాత్రింబగళ్లు తనను తరిమిన విధము వివరించాడు. ఎదిరించి ఎదిరించి అలసిపోయి ఒకనాడు ఆ తలంపుకు లొంగినట్లు భావించి, ఏశావువలె తనకు మారుమనస్సు దొరకదని దీర్ఘకాలము దుఃఖించాడు. అంతకుముందే గుడి గంటలు మ్రోగించుట పాపమని మానివేశాడు. చూడటానికి వెళ్తే గంట మీద పడుతుందని, ఆపైన గోపురమే కూలుతుందని భయపడ్డాడు. ‘యాత్రికుని ప్రయాణము’ చదివిన మన విశ్వాసులు మరణచ్ఛాయ లోయ ఘట్టమును జ్ఞాపకము చేసుకోవచ్చు. అక్కడ దుష్టుడు వెనుకనుండి చెవిలో దూషణలు గుసగుసలాడితే, క్రైస్తవుడు అవి తన హృదయములోనివేనని భ్రమపడతాడు. 1678 నాటి ఈ ఘట్టము వెనుక ఆయన స్వానుభవము ఉంది.

ఇటువంటి సంశయములను సంఘ గురువులు ‘స్క్రూపుల్’ అనేవారు. దాని లాటిన్ మూలానికి చిన్న పదునైన రాయి అని అర్థము. మనము చెప్పులోని రాయి అంటాము. ఆంగ్లికన్ వేదాంతి జెరెమీ టేలర్ 1660లోనే మనస్సాక్షిపై వ్రాసిన తన గ్రంథములో దీనిని ప్రత్యేకముగా చర్చించాడు.

వైద్యశాస్త్రములోనికి

19వ శతాబ్దములో ఫ్రెంచి వైద్యుడు ఎస్కిరాల్ (1772–1840) ఒకే విషయమందు మనస్సు చిక్కుకొనుటకు ‘మోనోమేనియా’ అని పేరు పెట్టాడు. 1877లో జర్మన్ వైద్యుడు వెస్ట్‌ఫాల్, బుద్ధి చక్కగా ఉన్నప్పటికి ఇష్టమునకు విరోధముగా బలవంతముగా వచ్చే తలంపులను వేరుగా నిర్వచించాడు. 1903లో పియేర్ జానే తన గ్రంథమునకు ‘అబ్సెషన్’ పదమునే శీర్షికలో పెట్టాడు. ముట్టడి అను ఉపమానము నిలిచింది గాని శత్రువు మారాడు. 1966లో విక్టర్ మేయర్, భయపెట్టే పరిస్థితిని ఎదుర్కొంటూ, ఉపశమనము కొరకు చేసే క్రియను మానుకొనే చికిత్సను నివేదించాడు. నేడు ఆ విధమైన చికిత్స, మందులు అనేకులకు మేలు చేస్తున్నాయి.

ముగింపు

ఈ చరిత్రనుండి కాపరులు మూడు సంగతులు గ్రహించవచ్చు. మొదటిది, ఆసక్తి వేరు, అబ్సెషన్ వేరు. ఫిలిప్పీ 3లో పౌలు ఒకే గురివైపు పరుగెత్తుట ఆయన కోరుకున్నది. ముట్టడిలో ఉన్నవాడు తన తలంపును అసహ్యించుకుంటాడు. రెండవది, క్షమింపబడని పాపము చేశానేమోనని వణికేవాని భయమే అతని హృదయము కఠినపడలేదనుటకు గుర్తు. మార్కు 3లో ప్రభువు హెచ్చరించినది అటువంటివారిని కాదు, ఆత్మ కార్యమును చూచి కూడా దానిని అపవిత్రాత్మ పని అన్నవారిని. మూడవది, అటువంటివానికి ఉపవాసములు పెంచి, మాటిమాటికి దయ్యమును గద్దించే ప్రార్థనలు చేస్తే భయము ముదురుతుంది. అడిగినప్పుడెల్లా ‘నీవు రక్షింపబడ్డావు’ అని హామీ ఇచ్చుట కూడా ఆ చక్రమును తిప్పుటే అవుతుంది. ఒకసారి వాక్యమునుండి స్పష్టముగా చెప్పి, మానసిక వైద్యుని యొద్దకు తోడుగా వెళ్లుట మేలు. వైద్యుని యొద్దకు వెళ్లుట అవిశ్వాసము కాదు. ముట్టడిలో ఉన్న పట్టణమునకు కావలసినది నింద కాదు, సహాయము.