కొండ లేని తీరానికి కొండగుర్తు

మా నాన్న నిజాంపట్నం రేవు నుంచి వేటకెళ్లేవాడు. నీళ్లమీంచి మన ఒడ్డు ఎలా పోల్చుకుంటావని చిన్నప్పుడు అడిగితే, "తాటిచెట్లను బట్టిరా" అన్నాడు. విశాఖ వాళ్లకు డాల్ఫిన్స్ నోస్ కొండ ఉంది. కృష్ణ తెచ్చిపోసిన ఒండ్రుమీద నిలిచిన మా తీరానికి కొండన్నదే లేదు. లోపలినుంచి చూస్తే నీళ్లూ నేలా ఒకటే గీత.

ఆ గీత ఎందరిని మోసగించిందో ఒక పేరు చెబుతుంది. కృష్ణ కడలిలో కలిసేచోట దివి మొన ఉంది. దానికి పడమరనున్న మరో మొనను ఇంగ్లీషు నావికులు తమ పటాల్లో 'ఫాల్స్ దివి' అని రాసుకున్నారు. అంటే దివి కాని దివి.

అయినా ఓడలు వచ్చాయి. నిజాంపట్నాన్ని పరదేశులు పెటపోలి అనేవారు. 1606లో డచ్చివాళ్లు ఇక్కడ వర్తక స్థావరం పెట్టారు. 1611లో ఇంగ్లీషు కంపెనీ ఓడ 'గ్లోబ్', పులికాట్‌లో డచ్చివాళ్లు చోటివ్వకపోతే ఇక్కడికొచ్చి, ఆ తర్వాతే మచిలీపట్నం వెళ్లింది. చిరువేరుతో బట్టకెక్కే మా ఎరుపు రంగుకు అప్పట్లో అంత గిరాకీ.

వీటన్నిటికన్నా ముందు ఈ తీరంలో వెలిగిన దీపం ఒకటుంది. అది రాతిమీద ఉంది. చినగంజాం దగ్గరి మోటుపల్లిలో, వీరభద్రుడి గుడి దగ్గర కాకతీయ గణపతిదేవుడు 1244లో అభయశాసనం వేయించాడు. గాలివానకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే, అందులోని సరుకంతా రాజులు లాక్కునే రోజులవి. ప్రాణంకన్నా ధనాన్ని ఎక్కువగా చూసుకునేవాళ్లు వర్తకులు, వాళ్ల సొత్తు మేం ముట్టం, సుంకం మాత్రమే తీసుకుంటాం అని ఆయన మాటిచ్చాడు. ఆ సుంకం ముప్పై వంతుల్లో ఒకటి. గంధం, కర్పూరం, ముత్యాలు, పట్టు, ఏనుగు దంతం, ఏ సరుకుకెంతో పేరుపేరునా చెక్కించాడు. కాకతీయులు పోయాక, 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే రేవులో వర్తకులకు మళ్లీ అభయమిచ్చాడు.

దీపస్తంభం ఒడ్డెక్కడో చూపిస్తుంది. ఆ ఒడ్డుమీది మనుషులను నమ్మొచ్చో లేదో తెలియందే ఏ సరంగు చుక్కాని తిప్పుతాడు?

ఒకసారి గాలివానకు నాన్న పడవ దారితప్పి, మరో ఊరి ఒడ్డున పడింది. ఆ ఊరివాళ్లు పడవ పైకి లాగి, వల ఆరేసి, గంజి పోసి, గాలి తగ్గాక సాగనంపారట. పట్టిన చేపల్లో ఒక్కటి కూడా తీసుకోలేదని నాన్న ఎన్నిసార్లో చెప్పాడు. మోటుపల్లి రాతిముందు నిలబడిన రోజున నాకు గుర్తొచ్చింది ఆ చేపలే.