రైలు చక్రం ప్రశ్న వేసిన పెద్దాయన: యాకొవ్ పెరెల్మాన్

ఈసారి కాస్త పొడుగ్గానే రాశాను, తీరిక చూసుకుని చదవండి. ముందుగా ఒక ప్రశ్న. ఇంట్లో పిల్లలుంటే వాళ్ళనూ అడగండి.

రైలు చెన్నై నుంచి విజయవాడ వైపు పోతోంది. ఎక్కడా ఆగలేదు, వెనక్కి రాలేదు. అయినా ఆ రైల్లో ప్రతి చక్రానికీ ఒక భాగం ఆ క్షణంలో చెన్నై వైపే కదులుతూ ఉంటుంది. ఏది అది?

ముప్పై ఏళ్ళకు పైగా రైల్వేలో గుమాస్తాగా పనిచేశాను. ఎన్నో వేల చక్రాలు నా కళ్ళ ముందే పోయాయి. ఈ ప్రశ్న మాత్రం నాకు రైల్వే నేర్పలేదు, ఒక పిల్లల పుస్తకం నేర్పింది. రాసినాయన యాకొవ్ పెరెల్మాన్. మనలో అరవై దాటినవారికి ఆ పేరు గుర్తుండవచ్చు. ఒకప్పుడు మాస్కోలో అచ్చయిన మంచి కాగితం పుస్తకాలు చవకగా దొరికేవి కదా. ఆంధ్రలో విశాలాంధ్ర వాళ్ళూ, ఇక్కడ తమిళనాట న్యూ సెంచురీ వాళ్ళూ అమ్మేవాళ్ళు. ఈయన పుస్తకాలు వాటిలోనివే.

పెరెల్మాన్ 1882 డిసెంబరు 4న బియాలిస్తోక్ అనే ఊళ్ళో పుట్టాడు. ఆ ఊరు అప్పుడు రష్యా సామ్రాజ్యంలో ఉండేది, ఇప్పుడు పోలండులో ఉంది. తండ్రి ఒక బట్టల మిల్లులో లెక్కలు రాసే గుమాస్తా. పిల్లవాడికి ఏడాది నిండిందో లేదో ఆయన పోయాడు. తల్లి చిన్న పిల్లల బడిలో పంతులమ్మ, ఆవిడే పెంచింది.

పదహారేళ్ళ వయసులో, 1899లో, పెరెల్మాన్ మొదటి వ్యాసం రాశాడు. ఆ ఏడాది నవంబరులో ఆకాశం నుంచి నిప్పుల వాన కురుస్తుందనీ, లోకం అంతమైపోతుందనీ పుకారు పుట్టింది. వచ్చేది ఉల్కల వాన అనీ, భయపడే పని లేదనీ ఈ కుర్రవాడు పత్రికలో వివరంగా రాశాడు. వాట్సాప్‌లో అలాంటి పుకార్లు వారానికొకటి వచ్చే మన కాలానికి కూడా ఆ వ్యాసం పనికొస్తుంది.

తరువాత పీటర్స్‌బర్గ్ వెళ్ళి అడవుల శాస్త్రం చదివి 1909లో పట్టా పుచ్చుకున్నాడు. అడవిలో ఉద్యోగం మాత్రం చెయ్యలేదు. చదువుకునే రోజుల నుంచే 'ప్రకృతీ ప్రజలూ' అనే పత్రికకు రాస్తూ అక్కడే స్థిరపడ్డాడు. 1913లో మన తెలుగువాళ్ళు 'నిత్యజీవితంలో భౌతికశాస్త్రం' అని చదువుకున్న పుస్తకం మొదటి భాగం వచ్చింది. రష్యన్ పేరుకు వినోద భౌతికశాస్త్రం అని అర్థం. అది చదివి ఖ్వోల్సన్ అనే పెద్ద భౌతికశాస్త్ర ఆచార్యుడు ఆశ్చర్యపోయాడట. రాసినవాడిది అడవుల చదువని తెలిసి, అడవుల వాళ్ళు మనకు చాలామంది ఉన్నారు, ఇలా రాసేవాళ్ళే లేరు, రాస్తూనే ఉండు అన్నాడని చెప్పుకుంటారు.

ఇక చక్రం సంగతి. రైలు చక్రానికి లోపలి పక్క ఒక అంచు ఉంటుంది, మా భాషలో ఫ్లాంజ్ అంటాం. చక్రం పట్టాలు దిగిపోకుండా అదే కాపాడుతుంది. చక్రం పట్టాను తాకే చోటు ఆ క్షణానికి కదలకుండా ఉంటుంది. దానికి పైనున్న భాగమంతా ముందుకు పోతుంది. ఫ్లాంజ్ కొస మాత్రం పట్టా పైతలం కన్నా కిందికి దిగి ఉంటుంది. అందుకని ఆ కింది కొస వెనక్కి కదులుతుంది. నమ్మకం లేకపోతే రూపాయి బిళ్ళకు ఒక అగ్గిపుల్లను కొంచెం బయటికి పొడుచుకొచ్చేలా మైనంతో అంటించి, స్కేలు అంచు మీద దొర్లించండి. పుల్ల కొస స్కేలు కిందికి దిగినప్పుడు ఎటు పోతుందో చూడండి. ఈ ఉపాయం కూడా పెరెల్మాన్ చెప్పిందే.

ఇంకొకటి అడుగుతాడు. లెనిన్‌గ్రాడ్ నుంచి మాస్కోకు వేసిన రైలుదారి పొడుగెంత? 640 కిలోమీటర్లు. ఎండాకాలంలోనా, చలికాలంలోనా? ఇక్కడ నవ్వు వస్తుంది. తరువాత లెక్క వేసి చూపిస్తాడు. డిగ్రీ వేడికి ఉక్కు పట్టా తన పొడుగులో సుమారు లక్షో వంతు పెరుగుతుంది. చలికీ ఎండకీ 55 డిగ్రీల తేడా ఉంటే అన్ని పట్టాలూ కలిపి మూడువందల మీటర్లకు పైగా పెరుగుతాయి. మరి మాస్కో జరగదు కదా! ఆ పెరుగుదలంతా పట్టాకీ పట్టాకీ మధ్య వదిలిన సందుల్లో సర్దుకుంటుంది. ఫిష్‌ప్లేటు దగ్గర ఆ సందు ఎందుకు వదులుతారో నేను బడిలో చదివాను, పరీక్షలో రాశాను. అయినా ఈ లెక్క చూశాకే అది నాకు నిజంగా అర్థమైంది.

కథలనూ ఆయన వదలలేదు. వెల్స్ రాసిన కనపడని మనిషి కథ తీసుకుని, పాపం ఆ మనిషి గుడ్డివాడై ఉండాలి అంటాడు. కంటిలో బొమ్మ పడాలంటే వెలుగు అక్కడ వంగాలి, ఆగాలి. ఒళ్ళంతా గాలిలా పారదర్శకమైతే కన్ను కూడా అంతే కదా. మన సినిమాల్లో మాయమైపోయి విలన్‌ను కొట్టే హీరోను చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

గమనించండి, ఇందులో ఎక్కడా జోకు తెచ్చి అతికించలేదు. విషయంలోనే నవ్వు ఉంది. మనకు బాగా తెలుసనుకున్నది ఒక్కసారిగా తలకిందులవుతుంది, అక్కడ నవ్వొస్తుంది, వెంటనే ఎందుకని అడగాలనిపిస్తుంది. 1936లో పదమూడో ముద్రణకు రాసిన ముందుమాటలో ఆయన ఉద్దేశం ఇదేనని చెప్పాడు. కొత్త విషయాలు చెప్పడం కన్నా, పాఠకుడికి ఇప్పటికే తెలిసినదాన్ని తెలుసుకునేలా చెయ్యడం.

1935 అక్టోబరులో లెనిన్‌గ్రాడ్‌లో 'వినోద విజ్ఞాన భవనం' తెరిచారు. దాని వెనక ఆయన పూనిక ఉంది. అక్కడ వస్తువులను ముట్టుకోవద్దు అనే బోర్డు లేదు, పిల్లలు ముట్టుకుని, తిప్పి చూడాలి. పది లక్షలంటే ఎంతో తెలియాలని పది లక్షల చుక్కలు వేసి చూపించారు. 1941లో యుద్ధం రాగానే ఆ భవనం మూతపడింది.

ఆ తరువాతి భాగం రాయడానికి చెయ్యి ఆడదు. 1941 సెప్టెంబరు 8న జర్మన్ సేన ఆ ఊరిని చుట్టుముట్టింది. ముట్టడి 872 రోజులు సాగింది. తిండి లేదు, కట్టెలు లేవు. దాదాపు అరవై ఏళ్ళ పెరెల్మాన్ సైనికులకూ నావికులకూ పాఠాలు చెప్పాడు. దిక్సూచి లేకుండా దిక్కు పట్టడం, పరికరం లేకుండా దూరం కొలవడం లాంటివి. పిల్లల కోసం సరదాగా రాసిన సంగతులు అక్కడ ప్రాణాలు కాపాడే విద్య అయ్యాయి. 1942 జనవరిలో వైద్యురాలైన ఆయన భార్య ఆకలితో పోయింది. మార్చి 16న ఆయన కూడా ఆకలితోనే పోయాడు. చంద్రుడికి మనవైపు కనపడని పక్కన ఒక గుంటకు ఆయన పేరు పెట్టారు.

ఆయన రాసింది రష్యన్‌లో. దాన్ని మన భాషల్లోకి తెచ్చింది అనువాదకులు. మాస్కోలో కూర్చుని తెలుగు చేసినవారిలో ఉప్పల లక్ష్మణరావుగారు ఒకరు. ఆయన మన ఒడిశా తెలుగువారు, బరంపురం మనిషి, పైగా వృక్షశాస్త్రం చదివినవారు. ఆంధ్రకు బయట పుట్టిన తెలుగువాడు ఎంత దూరం వెళ్ళి తెలుగుకు పని చేశాడో మన సంఘం పిల్లలకు చెప్పాలి.

నేను పెరెల్మాన్‌ను మొదట తమిళంలో చదివాను, నా చదువు తమిళ మీడియం గనక. తెలుగు మాకు ఇంటి భాషే, అక్షరాలు ఉద్యోగంలో చేరాక స్టేషన్ బోర్డులు కూడబలుక్కుంటూ వచ్చాయి. తెలుగు పుస్తకం దొరికినప్పుడు తమిళంలో తెలిసిన సంగతే కనుక మాట మాటా పోల్చుకుంటూ చదివాను. 'జడత్వం', 'ఘర్షణ', 'వ్యాకోచం' లాంటి మాటలు నాకు అలా వచ్చాయి. ఏ పద్యమూ నా చేత అంత తెలుగు చదివించలేదు.

అందుకే ఈ పెద్దాయన గురించి ఇంత రాశాను. మన ఆదివారం తెలుగు క్లాసుకు పిల్లలు నాలుగు వారాలు వచ్చి మానేస్తున్నారు. వాళ్ళను తప్పు పట్టలేం. బడిలో రోజంతా ఇంగ్లీషు, వీధిలో తమిళం. మిగిలిన ఒక్క గంటలో గుణింతం, తరువాత అర్థం కాని పద్యం. ఇంట్లో మాట్లాడే తెలుగు ఇంకో తరం నిలవాలంటే ఆ గంటలో పిల్లవాడు తెలుగులో ఒకసారి నవ్వాలి, ఒకసారి ఎందుకు అని అడగాలి.

నా ప్రతిపాదన చిన్నది. క్లాసులో మొదటి పదిహేను నిమిషాలు ఒకే ఒక ప్రశ్న, తెలుగులోనే. జవాబు కూడా వచ్చినంత తెలుగులోనే చెప్పాలి, మాట తడబడితే పెద్దలు అందించాలి. వంటింట్లో, బస్సులో, మేడ మీద దొరికే వస్తువులు చాలు. ప్రశ్నలు ఏరి రాసిపెట్టే పని నేను తీసుకుంటాను. ఇప్పటికి ఇరవై రెండు సిద్ధంగా ఉన్నాయి. మీ ఇంట్లో పాత సోవియట్ పుస్తకాలు అటక మీద ఉంటే పాత పేపర్లవాడికి వెయ్యకండి, సంఘానికి ఇవ్వండి. రూపాయి బిళ్ళ, అగ్గిపుల్ల, మైనం నేను తెస్తాను. ఎవరి పిల్లలు వస్తారో కింద పేరు రాయండి.