రాకెట్ తోకలో దొరికిన సూర్యుడు

1946 జూన్ 28. న్యూమెక్సికో ఎడారిలోని వైట్ శాండ్స్ నుంచి ఒక వీ-2 రాకెట్ లేచింది. హిట్లర్ సైన్యం లండన్ మీదికి వదిలిన రకమే. యుద్ధం ముగిశాక అమెరికా వాటి విడిభాగాలను ఓడలకెత్తి తెచ్చుకుంది. పేలుడు పదార్థం ఉండాల్సిన ముక్కులో నౌకాదళ పరిశోధనశాలకు చెందిన రిచర్డ్ టౌసీ బృందం సూర్యకాంతిని రంగులుగా విడదీసి ఫిల్ము మీద పట్టే స్పెక్ట్రోగ్రాఫ్ అమర్చింది. రాకెట్ బ్రహ్మాండంగా ఎగిరింది, అంతే బ్రహ్మాండంగా వచ్చి నేలలో దిగబడింది. గొయ్యి ఎంత తవ్వినా పనికొచ్చేదేమీ దొరకలేదు.

ఇంత తంటా ఎందుకంటే, సుమారు 300 నానోమీటర్ల లోపు అతినీలలోహిత కాంతిని ఓజోన్ పొర కిందికి రానివ్వదు. మన ఒంటికి అది మేలే. కానీ అప్పటికే గ్రోట్రియాన్, ఎడ్లెన్ అనే శాస్త్రవేత్తలు ఒక వింత తేల్చి ఉన్నారు: గ్రహణమప్పుడు సూర్యుడి బయటి వాతావరణమైన కరోనాలో కనిపించే ఆకుపచ్చ గీత కొత్త మూలకానిది కాదు, 13 ఎలక్ట్రాన్లు ఊడిపోయిన ఇనుముది. అంటే అక్కడి వేడి పది లక్షల డిగ్రీల పైమాటే. కింద ఉపరితలమేమో ఆరువేల లోపు! అంత వేడి వాయువు వెలిగేది ముఖ్యంగా అతినీలలోహితంలో, ఎక్స్ కిరణాల్లో. ఓజోన్ దాటి పైకి పోక తప్పదు.

అదే ఏడు అక్టోబర్ 10న మరో వీ-2లో పరికరాన్ని ముక్కులో కాక తోక రెక్కలో పెట్టారు. దిగేటప్పుడు ముక్కును పేల్చి విడగొట్టారు. మిగిలిన మొండెం సూటిగా దూసుకురాకుండా పల్టీలు కొడుతూ పడింది. ఉక్కు డబ్బాలో ఫిల్ము క్షేమం. నన్నడిగితే ఆ రోజు ఘనతలో సగం ఈ సర్దుబాటుదే. మిగతా సగం లిథియం ఫ్లోరైడ్ పూసలది. తిరుగుతూ ఎగిరే రాకెట్‌తో సూర్యుడికి గురిపెట్టడం అయ్యే పని కాదు. అందుకని వెలుగు లోపలికి వచ్చే సన్నని చీలిక బదులు పూసలు వాడారు. వెలుగు ఏటవాలుగా వచ్చినా పూస దాన్ని లోపలికి మళ్లిస్తుంది.

ఫిల్ము కడిగితే ఎత్తుకో వర్ణపటం. నేల దగ్గరిది 300 దగ్గరే తెగిపోయింది. పైకి పోయేకొద్దీ పట్టీ పొడుగవుతూ, 55 కిలోమీటర్ల ఎత్తుకు 220 నానోమీటర్లు దాటింది. ఓజోన్ ఏ ఎత్తున ఎంతుందో కూడా దాన్నిబట్టే లెక్కగట్టారు.

కరోనా మాత్రం ఇంకా చిక్కలేదు. 1952లో కొలరాడో విశ్వవిద్యాలయానికి చెందిన విలియం రెన్స్, సూర్యుడి వైపే తిరిగి నిలిచే యంత్రాన్ని రాకెట్‌లో పెట్టి, 121.6 నానోమీటర్ల హైడ్రోజన్ గీతను ఫొటో తీశాడు. కరోనా గీతల వంతు ఆ తర్వాతి రాకెట్లకూ ఉపగ్రహాలకూ వచ్చింది. ఇక అతినీలలోహితంలోనే 280 నానోమీటర్ల దగ్గరి మెగ్నీషియం జంట గీతలు, ఉపరితలానికీ కరోనాకూ మధ్య పొరైన క్రోమోస్ఫియర్ సంగతులు చెబుతాయి. 2013 నుంచి ఐరిస్ ఉపగ్రహం వాటిని చదువుతోంది. 2023 సెప్టెంబర్ 2న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య-ఎల్1లోని సూట్ టెలిస్కోపు ఆ గీతల వెలుగులో కూడా సూర్యుడి బొమ్మలు తీస్తోంది.